సగము కథ చెప్పిన వర్తకుడు

పెద్దలు పిన్నలకు ఆస్తి నప్పగింపగలరు, దుకాణము నప్పగింపగలరు, తరతరముల ఖాతాదారులను సయితము అప్పగింపగలరు. తాము దెబ్బలు తిని నేర్చుకొన్న బుద్ధిని మాత్రము అప్పగింపలేక బాధపడుచుందురు. తండ్రి ముప్పదియేండ్లలో తెలిసికొన్నది కుమారుడు ఒక్క సాయంకాలము వినినంతనే గ్రహించునా? గ్రహింపనిచో తప్పు వినినవానిదా, చెప్పినవానిదా, లేక బుద్ధి కలుగుటకే వయస్సు అను ఒక గడువు కలదా? ఈ ప్రశ్నకు తర్కగ్రంథములలో కంటె ఒక జైన వర్తకుని జీవితములో ఎక్కువ సమాధానము దొరకును.

ఆయన బనారసీదాసు. 1586లో జౌన్‌పురమున శ్రీమాల కుటుంబములో జన్మించెను. తండ్రి ఖరగసేనుడు రత్నవర్తకుడు. 1641లో బనారసీదాసు తన జీవితమును హిందీ పద్యములలో వ్రాసి, దానికి 'అర్ధకథానక' మని పేరిడెను. మనుష్యునికి 110 ఏండ్ల ఆయువను లెక్కచొప్పున 55 ఏండ్ల తనది సగము కథయే యని ఆయన భావము. కొలదికాలమునకే ఆయువు తీరినందున ఆ సగమే మొత్తమైనది. హిందీలో మొట్టమొదటి స్వీయచరిత్రగా దానిని పండితులు పరిగణింతురు.

బాల్యమున ఆయన నేర్చిన పాఠము చిన్నది. జౌన్‌పురపు అధికారి జవహరీలను చెరబెట్టి కొట్టింపగా కుటుంబములన్నియు చెల్లాచెదరైనవి. అట్టి రోజులలో బాలుడు గవ్వలు అమ్మి, తొలి సంపాదనను నాయనమ్మ చేతిలో పెట్టెను. ఆమె మిఠాయి కొని పంచిపెట్టినది. ఏ వర్తకుని యింటనైనను ఇట్టి కథ యొకటి ఉండకపోదు.

పదునాలుగేండ్లు వచ్చుసరికి అతడు నిఘంటువులు, ఛందస్సు చదివి, ప్రేమవ్యవహారములలో మునిగెను. తండ్రి రత్నములను దొంగిలించెను. శృంగారము నిండిన వేయి పద్యముల కావ్యము వ్రాసెను. అతిగా చదువుట బ్రాహ్మణులకును భట్టులకును తగును గాని కోమటిబిడ్డ అంగడిలో కూర్చుండవలెనని పెద్దలు బోధించిరి. వినలేదు. అత్తవారింట ఘోరమైన వ్యాధి పైబడినప్పుడు దగ్గరకు వచ్చి సేవచేసినవారు భార్యయు అత్తగారును మాత్రమే. కోలుకొన్న తరువాత మరల ఆ దారినే పోయెను. బాధ తనంతట తానే బుద్ధి చెప్పునని నమ్మువారు ఈ ఘట్టమును ఒకసారి చూడవలెను.

ఒక సన్యాసి మంత్రమిచ్చి, ఏడాది రహస్యముగా జపించినచో ప్రతిదినము వాకిట బంగారు నాణెము దొరకునని చెప్పగా, వర్తకుని కొడుకై యుండియు నమ్మెను. ఏడాది గడచినది, నాణెము రాలేదు. పిమ్మట మరియొక జోగి యిచ్చిన చిన్న శంఖమును సదాశివుడని పూజించెను. 1605లో అక్బరు మరణవార్త వచ్చునప్పటికి మెట్లపై కూర్చుండియున్న బనారసి తూలి క్రిందపడి తల పగులగొట్టుకొనెను. ఊరిలో అంగళ్లు మూతపడి, సొమ్ములు నేలలో దాగినవి. గాయము మానిన తరువాత, పడినప్పుడు ఆదుకొనని శంఖమును పూజించుట దేనికని మానివేసెను. ఇదియు ఒక విధమైన బేరమే. కాని మరియొకనాడు గోమతీనది వంతెనపై మిత్రులకు తన కావ్యము వినిపించుచు, ఇన్ని అసత్యములు వ్రాసినవాని గతి యేమని తలచి, ఆ ప్రతిని నదిలో విసరివేసెను. ఇందు లాభనష్టముల ఆలోచన లేదు. పెద్దలు ఎన్నిమారులు చెప్పినను చెవికెక్కని మాట ఆనాడు ఎవరును చెప్పకయే మనస్సు కెక్కినది.

1610 ప్రాంతమున తండ్రి రత్నములు, నేయి, నూనె, బట్టలు మొత్తము 200 రూపాయల సరుకిచ్చి ఆగ్రాకు పంపెను. నాడాలో కట్టుకొన్న రత్నము జారిపోయెను. కొన్నదొకటి, అమ్మినదొకటియై చేతిలో పైసా మిగులలేదు. రాత్రులందు 'మధుమాలతి', 'మృగావతి' కథలు పాడుచుండగా పది ఇరువది మంది వచ్చి వినెడివారు. వారిలో ఒక కచోరీలవాడు ఉండెను. అతనివద్దనే అరువుకు తినుచు, ఒకనాడు తన స్థితి దాచక చెప్పెను. 20 రూపాయల వరకు తినుము, ఎవరును అడుగరు అని ఆ దుకాణదారుడు బదులిచ్చెను. తరువాత బనారసి ఆ బాకీ తీర్చివేసెను. పెద్దలు వలదన్న చదువే ఆకటి వేళ అన్నము పెట్టినది! అయినను పెద్దల మాట తప్పని చెప్పుటకు వీలులేదు. అంగడిలో కూర్చుండి నేర్చియుండినచో ఆ సరుకు పోయెడిది కాదు. ఒకే ఘటనలో రెండు పాఠములున్నవి. ఏది నేర్చుకొనవలెనో ఘటన చెప్పదు.

ఆయనకు తొమ్మిదిమంది సంతానము కలిగిరి. తొమ్మండుగురును మరణించిరి. ఈ దుఃఖమును ఆయన అతి క్లుప్తముగా చెప్పెను.

నడివయస్సున చేసిన తప్పు చదువరులను ఎక్కువగా ఆలోచింపజేయవలెను. 1623 ప్రాంతమున కుందకుందాచార్యుల సమయసారము ఆయన చేతికి వచ్చినది. (ఆ ఆచార్యుల ఊరు అనంతపురము జిల్లాలోని కొనకొండ్ల యని పలువురి నమ్మకము.) ఆత్మ శుద్ధము, క్రియలు దానికి బాహ్యములు అని చదివి, జపము, సామాయికము, ప్రతిక్రమణము విడిచెను. మువ్వురు మిత్రులతో గదిలో దిగంబరులై తిరుగుచు, తాము పరిగ్రహము లేని మునులమని వేడుక చేసికొనెను. గ్రంథము తప్పుకాదు, చదివినవాడు మూర్ఖుడును కాడు. 1635లో రూపచంద పండితుడు ఆగ్రాకు వచ్చి గోమ్మటసారము వివరించువరకు తన పొరపాటు ఆయనకు తెలియలేదు. గుణస్థానములు పదునాలుగు; ఐదవది వ్రతము పట్టిన శ్రావకునిది, ఆరవది మునిది. ఏ మెట్టున నున్నవానికి ఆ మెట్టునకు తగిన ఆచరణమే సత్యము. పై మెట్టు మాటను క్రింది మెట్టున నిలిచి పలికినచో అది అపహాస్యమగును. ఆ మరుసటి యేడే ఆయన 'సమయసార నాటకము' రచించెను. ఆ పుస్తకమే, ఆ మనుష్యుడే. నడుమ పండ్రెండేండ్లు గడచినవి.

గుణస్థానము వయస్సుతో పెరుగునది కాదు. ఈ సంగతి మన యిండ్లలో తరచు మరతురు. తల నెరసినంత మాత్రమున మెట్టు ఎక్కినట్లు కాదు. పెద్దవారు కుమారునకు తాము నేడు నిలిచిన మెట్టును చూపుదురు గాని, జారిపడిన మెట్లను దాచుదురు. ఖర్చు పద్దులు చింపివేసిన చిట్టాను చూచి కుమారుడు వ్యాపారమెట్లు నేర్చును? బనారసీదాసు చింపలేదు. దొంగతనము, వ్యాధి, నగ్నముగా గదిలో తిరుగుట, అన్నియు వ్రాసెను.

గ్రంథాంతమున తన గుణదోషముల జాబితా కూడ ఇచ్చెను. ఆత్మవిద్య తెలిసి, కవియని పేరొంది, 55 ఏండ్లు నిండిన తరువాత వ్రాసిన మాటలవి. క్రోధము కొంచెమే, లోభము మాత్రము మెండు. స్వల్పలాభమునకు ఉప్పొంగుట, కొలది నష్టమునకు క్రుంగుట ఇంకను పోలేదట. ఒంటరిగా నున్నప్పుడు లేచి నృత్యము చేయుదుననియు, అప్పుడప్పుడు కారణము లేకయే భయము కలుగుననియు చెప్పుకొనెను.