జీతమునకు చెల్లని ప్రాణము



సైనికుడొకడు చనిపోయినప్పుడెల్ల ఒక మాట వినవచ్చుచున్నది: "అది వాని ఉద్యోగము, జీతము తీసికొనలేదా?" 2013 ఆగస్టులో పూంఛ్ వద్ద అయిదుగురు జవానులు చంపబడినప్పుడు, బీహారు మంత్రి యొకరు, సైన్యములో చేరువారు చచ్చుటకే చేరుదురను అర్థము వచ్చునట్లు మాటలాడి, పిమ్మట క్షమాపణ చెప్పుకొనిరి. ఆ మాట మాత్రము పోలేదు. మన రచ్చబండలయొద్దను అది తిరుగుచున్నది.

ఇది క్రొత్త మాట కాదు. పరిశుద్ధ గ్రంథములో దీనిని పలికినవాడు దావీదే. ఊరియా చచ్చెనను వార్త రాగా, యుద్ధములో ఎవరో ఒకరు పడుట మామూలే, దీనికై దిగులుపడవద్దని యోవాబునకు కబురంపెను (2 సమూ. 11:25). ఎంత లోకజ్ఞానముగల మాట! దాని క్రింద దాగియున్నది ఒక హత్య. సైనికుని చావును చులకన చేయువాడు తరచుగా తన్ను అడుగవలసిన ప్రశ్నను తప్పించుకొనుచున్నాడని మాకు తోచుచున్నది.

అదే దావీదు మరియొకప్పుడు బేత్లెహేము బావినీళ్లకై ఆశపడెను. ముగ్గురు శూరులు ఫిలిష్తీయుల దండును చీల్చుకొనిపోయి తెచ్చిరి. ఆయన త్రాగలేదు, ప్రాణమునకు తెగించినవారి రక్తమని యెంచి, యెహోవా సన్నిధిని పారబోసెను (2 సమూ. 23:15-17). వారును రాజు కొలువులోనివారే. "నా సేవకులు గదా" యని త్రాగియుండవచ్చును.

నగరిలో మగ్గము నేయు సహోదరులకు ఇది తెలియును. చీరకు కూలి యిత్తురు. నేసిన చేతికి వెల కట్టువాడెవడు? జీతము పనికి చెల్లును, ప్రాణమునకు చెల్లదు. అప్పటి మన చిత్తూరు జిల్లాలోని ఎగువరేగడ గ్రామస్థుడు లాన్స్ నాయక్ సాయితేజ, 2021 డిసెంబరు 8న కూనూరు వద్ద హెలికాప్టరు కూలగా, జనరల్ బిపిన్ రావత్‌గారితో కూడ మరణించిరి. దేహమును గుర్తించుటకే దినములు పట్టెను. ఇద్దరు పసిబిడ్డలు. ఆ యింటి గడపలో నిలిచి జీతము మాట యెత్తగలవారు మనలో ఎవరు?

సైనికుని గౌరవించుట యుద్ధమును పొగడుట కాదు. కొండమీద మన ప్రభువు ఎవరిని ధన్యులనెనో మనమెరుగుదుము. యుద్ధమేల వచ్చెనని అడుగవచ్చును, అడుగవలెను కూడ. అయితే ఆ ప్రశ్న పంపినవారికి వేయవలసినది, పాడెమీద నున్నవానికి కాదు.

ఊరియా సంగతి మరుగున పడవలెనని దావీదు కోరెను. కాని ఆ బావినీళ్ల కథగల అధ్యాయముననే, శూరుల పట్టిక చివర ఊరియా పేరున్నది (23:39). మత్తయి వ్రాసిన వంశావళిలో బత్షెబ పేరు లేదు. ఊరియా పేరున్నది (1:6).