పానా ఎవరి చేతిలో ఉంది?

అమెరికాలో మా ఇంటి గరాజ్‌లో, కారు హెడ్ గ్యాస్కెట్లు నేనే మార్చుకుని కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెడితే, "ప్యాషన్ అంటే ఇదీ" అన్నారు. అదే పని రోజూ చేసేవాణ్ణి ఆ గ్రూపులో ఎవరూ అలా అనరు. మెకానిక్ అంటారు, అంతే. పని ఒకటే అయినప్పుడు గౌరవం రెండు రకాలుగా ఎందుకుంది?

ముందు ఆ పనేమిటో చూద్దాం. సిలిండర్ బ్లాకుకీ, దాని మీద కూర్చునే హెడ్‌కీ మధ్య ఉండే పల్చటి పొర హెడ్ గ్యాస్కెట్. మండే వాయువుల ఒత్తిడి, కూలెంట్, ఆయిల్ ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఆపేది అదే. అది పోతే కూలెంట్ కలిసిన ఆయిల్ పాలు పోసిన టీలా తయారవ్వొచ్చు, ఇంజన్ వేడెక్కిపోవచ్చు. గ్యాస్కెట్ ఖరీదు తక్కువే. కానీ దాన్ని చేరడానికి ఇంజన్ పైభాగమంతా విప్పాలి కాబట్టి బిల్లులో ఎక్కువ భాగం కూలీయే. ఇక్కడ ఆ కూలీ చూసే నేను పానా పట్టాను. తత్వం కోసం కాదు.

విప్పడం కంటే శుభ్రం చేయడం కష్టం. పాత గ్యాస్కెట్ ముక్కలు పూర్తిగా గీకి తీయాలి. కొన్ని ఇంజన్లలో హెడ్ అడుగుభాగం 0.05 మిల్లీమీటర్లకు మించి వంగి ఉండకూడదు. డ్రిల్లుకి గరుకు డిస్కు తగిలిస్తే గంటల పని నిమిషాల్లో అయిపోతుంది. కానీ మెత్తటి అల్యూమినియం అరిగి పల్లాలు పడొచ్చు. ఆ పొడి ఆయిల్‌లో చేరి బేరింగులను తినేయొచ్చు. ఆ సంగతి ఆ రోజు తెలియదు. కొన్ని వేల మైళ్ళు తిరిగాక తెలుస్తుంది, అప్పటికి బిల్లు కట్టేసి ఉంటారు.

నా కారు కాబట్టి ప్లాస్టిక్ స్క్రేపర్‌తో రెండు సాయంత్రాలు గీకాను. ముక్కూ మొహం తెలియని మనిషి కారుకి, వెనక ఇంకో నాలుగు కార్లు ఎదురుచూస్తుండగా, ఎవరూ చూడని చోట అంతే ఓపిగ్గా గీకేవాడు చేసేది నా పనికంటే కష్టమైనది. నైతికంగా కూడా.

చేతిపనిలో ఉన్న ఆలోచన గురించి రాబర్ట్ పిర్సిగ్ 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' (1974), మాథ్యూ క్రాఫర్డ్ 'షాప్ క్లాస్ యాజ్ సోల్‌క్రాఫ్ట్' (2009) చాలా బాగా చెబుతాయి. అయితే క్రాఫర్డ్ ఫిలాసఫీలో డాక్టరేట్ చేసి, మేధావుల సంస్థలో ఉద్యోగం వదిలి మోటార్‌సైకిల్ షెడ్డు పెట్టాడు. ఎంచుకుని పట్టిన పానా అది. మన దగ్గర పానా ఎవరి చేతికి వస్తుందో చాలావరకు పుట్టుకే తేల్చేస్తుంది. అందుకే నాకు ఆ రెండింటికంటే కంచ ఐలయ్య పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్' (2007) దగ్గరగా అనిపిస్తుంది. కుండ చేయడంలో, తోలు పనిలో ఉన్నది విజ్ఞానమేనని, దాన్ని తక్కువ చేసింది కులమని ఆ పుస్తకం చెబుతుంది.

చేతికి గ్రీజు అంటకుండా నాలుగేళ్ళలో ఇంజనీర్ అయిపోవచ్చు మన దగ్గర. ఇరవయ్యేళ్ళు గ్రీజులోనే బతికినా అవ్వలేరు. హైదరాబాద్‌లో ఏ షెడ్డుకైనా వెళ్ళండి. వయసులో పెద్దవాడైనా మెకానిక్‌ని మనం "నువ్వు" అంటాం, అతను మనల్ని "మీరు సార్" అంటాడు.

కూలి రేటు పెరిగితే గౌరవం అదే వస్తుందనేది సగం నిజం. ఖరీదైన పని సొంతంగా చేసుకుంటే ఇక్కడ పొదుపు, చవకైన పని సొంతంగా చేసుకుంటే అక్కడ నామోషీ. రెండు చోట్లా లెక్క డబ్బుదే, పనిది కాదు.

అందరూ ఇంజన్లు విప్పాలని నేననను. నా చేతికి మసి అంటినంత మాత్రాన నేను గొప్పవాణ్ణీ కాలేదు. సోమవారం మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చోగలను, ఆ వెసులుబాటు నాకుంది. ఆ పనిలో తెలివి ఎంతుందో తెలిశాక, బిల్లులో 'లేబర్' అన్న అంకె దగ్గర బేరమాడటం మాత్రం కష్టమవుతుంది. ఇక "మీరు" అనడానికైతే ఆ రెండు సాయంత్రాల అనుభవం కూడా అక్కర్లేదు.