కోట కింద డేరా, డేరాలో ఉత్తరం

బళ్లారి కొండమీది కోటను చూసినవాళ్లకు దాని పాలెగాళ్ల కథలు తెలుసు, హైదరలీ కథలూ తెలుసు. ఆ కోటల సీమలో డేరా వేసుకుని తిరుగుతూ ఇంటికి ఉత్తరాలు రాసిన సైనికాధికారి సంగతి అంతగా వినబడదు.

ఆయన థామస్ మన్రో. 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా మద్రాసులో దిగాడు. 1792 నుంచి తమిళ సీమలోని బారామహల్ కొండకోటల మధ్య శిస్తు పని చూశాడు. 1800లో నిజాం బళ్లారి, కడప సీమలను కంపెనీకి అప్పగించగానే ఇక్కడికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, 1807 దాకా ఉన్నాడు.

ఆయన దినచర్య ఆయన ఉత్తరాల్లోనే కనబడుతుంది. బారామహల్ నుంచి సోదరికి రాసినదొకటి చూడండి. పొద్దున ఏడింటి నుంచీ జనం వస్తూ పోతూనే ఉన్నారు, రాస్తుండగానే డజను మంది చుట్టూ మాట్లాడుతున్నారు. ఒకడిది తండ్రి నాటి ముప్పయ్యేళ్ల అప్పు గొడవ. ఇంకొక రైతు తాను శిస్తు కట్టలేనంటాడు. మంచి ఎద్దుకన్నా ఎక్కువ చాకిరీ చేసే భార్య చనిపోయిందట!

పన్ను వసూలుకు వచ్చిన అధికారే ఆయన, అది మరవకూడదు. అయినా ఆ ఒక్క వాక్యంలో పేరు తెలియని ఒక రైతు ఇల్లాలి కష్టం నిలిచిపోయింది. శిస్తు లెక్కల్లో ఆమె ఎక్కడా కనబడదు.

మద్రాసు గవర్నరైన మన్రో 1827 జులైలో పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తి కోట కింద పూడ్చి, తర్వాత మద్రాసుకు తరలించారు. ఆయన తిరిగిన ఈ బళ్లారి సీమ 1953లో రెండు రాష్ట్రాలకు పంచబడింది: బళ్లారి మైసూరుకు, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి. ఈ ఉత్తరాలను హద్దుకు రెండువైపులా, తెలుగు బడిలోనూ కన్నడ బడిలోనూ, పిల్లల చేత చదివించాలి.