ఎవరికి పరతంత్రులం?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతదో కావాలి. ఇంకో ఏడాది గడువు కావాలనుకునే ఇంటి వినియోగదారు మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకోవాలి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఏడెనిమిదేళ్ల కిందట కొన్న కంప్యూటరు ఏ భాగమూ చెడకుండానే ఇలా కాలం చెల్లిపోయింది. అది చెల్లిందని తేల్చింది దాని యజమాని కాదు. లినక్స్‌కి మారాలా వద్దా అన్న చర్చ మళ్లీ రాజుకున్నది ఇందుకే. ఈ చర్చ మామూలుగా ఖర్చు, వేగం, వైరస్‌ల చుట్టూ తిరుగుతుంది. ఖర్చు సంగతి మన దగ్గర పెద్దగా నిలబడదు. దొంగ కాపీ విండోస్ ఎప్పుడూ ఉచితమే. చైనాలో ఎలాగూ దొంగిలిస్తారు కాబట్టి తమదే దొంగిలిస్తే మేలని 1998లో బిల్ గేట్స్ అన్నాడు. అలవాటు పడినవాడు తర్వాత ఎక్కడికీ పోడన్న లెక్క అందులో ఉంది. మిగిలేది రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన నాటి నుంచీ పట్టుబడుతున్న వాదం. ప్రోగ్రాముని ఇష్టం వచ్చినట్టు నడుపుకోవడం, చదివి మార్చుకోవడం, పంచడం, మార్చినదాన్ని కూడా పంచడం అనే హక్కులు లేకపోతే వాడేవాడు యజమాని కాడు, వశుడు అంటాడాయన. ఇది నీతికి సంబంధించిన వాదం. కాబట్టి దాన్ని నీతి ప్రశ్నగానే పరీక్షించాలి.

దానికి పనికొచ్చే కొలబద్ద కన్నడ దేశంలోనే ఉంది. పదమూడో శతాబ్దంలో ఉడుపి మధ్వాచార్యుడు తన 'తత్త్వసంఖ్యానం' మొదట్లోనే ఉన్నదాన్నంతా రెండుగా విడదీశాడు: స్వతంత్రం, అస్వతంత్రం. స్వతంత్రుడు విష్ణువొక్కడే. జీవుడూ జడమూ అన్నీ పరతంత్రాలే. మాధ్వ క్షేత్రం మంత్రాలయం వెళ్లివచ్చే తెలుగువాళ్లకు ఈ మాట కొత్త కాదు. దీన్ని దేవుడి ప్రసక్తి లేకుండా వాడుకోవడం మాధ్వులకు రుచించకపోవచ్చు గానీ, అందులో లౌకికులు కూడా కాదనలేని సత్యం ఒకటుంది. పరతంత్రత నేరం కాదు, అది మన స్థితి. తానే కర్తనని, తనకు ఎవరి ఆధారమూ అక్కర్లేదని అనుకోవడమే భ్రాంతి. ఆ లెక్కన లినక్స్ వాడేవాడు కూడా స్వతంత్రుడు కాడు. లినస్ టోర్వాల్డ్స్ 1991లో విద్యార్థిగా మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్‌ని ఇవాళ ఎక్కువగా రాస్తున్నది ఇంటెల్, గూగుల్, రెడ్ హ్యాట్ వంటి కంపెనీల జీతగాళ్లు. 2016లో మైక్రోసాఫ్టే లినక్స్ ఫౌండేషన్‌లో చేరింది. ల్యాప్‌టాప్‌లో వైఫై చిప్పుని నడిపే ఫర్మ్‌వేర్ చాలాసార్లు ఎవరూ చదవలేనిదే. విండోస్ బంధం, లినక్స్ మోక్షం అనే ప్రచారంలో భక్తి ఎక్కువ, విచారణ తక్కువ.

అంతా పరతంత్రులమే అయినప్పుడు ఎవరి కింద ఉంటేనేం అనొచ్చు. అది కుదరదు. మధ్వుడు కూడా పరతంత్రాలన్నిటినీ ఒకే గాటన కట్టలేదు. వాటి మధ్య తారతమ్యం చెప్పాడు. ఇక్కడి తారతమ్యం ఏమిటో రెండు ఘటనలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 2025 జూలైలో, యూరోపియన్ యూనియన్ రష్యాపై పెట్టిన ఆంక్షల తర్వాత, గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ తన సేవలు ఆపేసింది. కంపెనీ మన దేశంలో నమోదైనది, చందా కట్టింది, సేవలు ఆగడానికి ఇక్కడి చట్టం కారణం కాదు. అయినా ఉద్యోగులకు ఈమెయిల్ ఆగింది. నయారా ఢిల్లీ హైకోర్టుకెక్కింది, కొద్ది రోజుల్లో సేవలు తిరిగొచ్చాయి. రెండోది అంతకు ముందు 2024 అక్టోబర్‌లో జరిగింది. ఆంక్షల కారణంగానే లినక్స్ కెర్నెల్ నిర్వాహకుల జాబితా నుంచి పలువురు రష్యన్ల పేర్లు తీసేశారు, టోర్వాల్డ్స్ దాన్ని సమర్థించాడు. లినక్స్‌కి రాజకీయం అంటదనే నమ్మకం ఆ రోజుతో పోయింది, పోవడమే మంచిది. కానీ ఆ రష్యన్లు పోగొట్టుకున్నది పదవి. కోడ్ వాళ్ల దగ్గరే ఉంది. దాన్ని వాడొచ్చు, మార్చొచ్చు, వేరు కుంపటి పెట్టుకోవచ్చు. ఇచ్చిన లైసెన్సు ప్రకారం ఆ కాపీని వెనక్కి లాక్కునే దారి ఎవరికీ లేదు. నయారా దగ్గర మిగిలింది మాత్రం కోర్టు తలుపు. లాయర్ల ఖర్చు భరించలేని చిన్న వ్యాపారికి ఆ తలుపూ ఉండదు. ఆగినవి క్లౌడ్ సేవలే తప్ప విండోస్ కాదు కదా అంటే, నిజమే. లినక్స్ పెట్టుకుని ఉత్తరాలన్నీ పరాయి సర్వర్లో దాచుకునేవాడిదీ అదే గతి. అలా చూస్తే ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముఖ్యమైనది, ఆధారం తెగిన రోజున మన చేతిలో ఏం మిగులుతుందన్నది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. కోట్ల లైన్ల కోడ్ ఎవరు చదువుతారు? వాడుకోలేని హక్కు కాగితం మీది హక్కే కదా? ఈ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ ఉదంతం దీనికి రెండు వైపులా సాక్ష్యం. జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లపాటు ఓపిగ్గా పనిచేసి, నమ్మకం సంపాదించి, లినక్స్ వ్యవస్థల్లో విరివిగా ఉండే ఒక చిన్న కంప్రెషన్ లైబ్రరీలో దొంగదారి పెట్టారు. తెరిచిన తలుపులోంచి దొంగ కూడా వస్తాడన్నమాట. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్. లాగిన్‌కి అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వుకుంటూ పోయి దాన్ని కనిపెట్టాడు. ఆయన ఉద్యోగం మైక్రోసాఫ్ట్‌లో కావడం ఈ కథలో వినోదం. ఆయన తవ్వడానికి ఎవరి అనుమతీ అడగలేదు, అడగాల్సిన అవసరమూ రాలేదు. ప్రభుత్వ లెక్కల మీద కాగ్ ఇచ్చే నివేదికలు చదివే పౌరులూ వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అయినా ఎవరో ఒకరు చదవొచ్చన్న భయమే ఖజానాకు కొంత కాపలా. అర సెకను తేడా ఎవరి కంటా పడకపోయి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు లినక్స్ అభిమానుల దగ్గర ఊరటనిచ్చే జవాబు లేదు.

జీవనోపాధి అభ్యంతరం ఇంతకంటే బరువైనది. జీఎస్టీ లెక్కలు చూసే అకౌంటెంటుకి ట్యాలీ లేకపోతే పూట గడవదు. ట్యాలీ విండోస్ కోసం తయారైంది. 1986 నుంచీ ఉన్న ఆ కంపెనీ బెంగళూరుదే. తెలుగు డీటీపీ కేంద్రాల్లో పెళ్లిపత్రికల నుంచి కవితా సంపుటాల దాకా ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేసినవే. యూనికోడ్ కాని ఆ ఫైళ్లను ఆ ఫాంట్లు లేని లినక్స్‌లో తెరిస్తే అక్షరాలు పిచ్చిగీతలవుతాయి. ఈ ఆపరేటర్‌కి స్వేచ్ఛ గురించి ఉపన్యాసమివ్వడం క్రూరత్వం. మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్స్‌కి మారాలని నిర్ణయించి, వేల కంప్యూటర్లు మార్చి, 2017లో మళ్లీ విండోస్ వైపు తిరగాలని ఓటు వేసింది. రాజకీయం ఉందనేవాళ్లున్నారు, సిబ్బంది అవస్థలూ ఉన్నాయి. మారడమనే ధర్మం ఉంటే అది అందరి మీదా ఒకేలా పడదు. శక్తిని బట్టి పడుతుంది. తన పనికి తానే మూల్యం చెల్లించే చిన్నవాడి మీద తక్కువ. ఇతరుల తరఫున నిర్ణయం తీసుకునేవాళ్ల మీద చాలా ఎక్కువ. డీటీపీ ఆపరేటర్ విండోస్ వాడితే కట్టుబడేది ఆయన ఒక్కడే. పాఠశాల విండోస్ ఒక్కటే నేర్పితే, అడిగే వయసు రాని పిల్లలందరినీ ఒక కంపెనీకి కట్టేసినట్టు. కేరళ బడులు ఈ తేడా ఎప్పుడో గ్రహించి లినక్స్‌కి మారాయి.

బెంగళూరుకు ఈ విషయంలో సాకు చెప్పే వీలు తక్కువ. లినక్స్ మీద నడిచే సింప్యూటర్ అనే చేతి కంప్యూటరు ఐఐఎస్సీ ఆచార్యుల చొరవతో పుట్టింది ఇక్కడే. పెద్దగా అమ్ముడుపోలేదు గానీ, దాని డిజైన్‌ను సైతం బహిరంగ లైసెన్సు కింద ఉంచారు. 2001లో లినక్స్ బెంగళూరు పేరుతో మొదలై తర్వాత ఫాస్ డాట్ ఇన్‌గా మారిన సమావేశాలు జరిగిందీ ఇక్కడే. ఈ ఊరి ఐటీ కంపెనీలకు ఆదాయం తెచ్చే సర్వర్లలో లినక్స్‌దే పెద్ద వాటా. ఉచితంగా దొరికిన ఆ పునాదికి తిరిగి ఏమిచ్చారని అడిగితే చాలా కంపెనీలు తల గోక్కుంటాయి. 2024లో ఇక్కడి స్టాక్ బ్రోకింగ్ కంపెనీ జెరోధా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల కోసం ఏటా 10 లక్షల డాలర్ల నిధి ప్రకటించింది. ఆధారపడ్డామని ఒప్పుకున్నవాళ్లు చేసే పని ఇది. ఇక ప్రభుత్వాల మాట. టెండర్లలో ఓపెన్ సోర్స్‌కే ప్రాధాన్యమివ్వాలని, వద్దనే సరఫరాదారు కారణం చెప్పాలని 2015 నాటి కేంద్ర విధానంలో ఉంది. ఆ కారణం ఏమని రాశారో సమాచార హక్కు కింద అడగడానికి పౌరుడు లినక్స్ నేర్చుకోనక్కర్లేదు. ఆ దరఖాస్తు విండోస్ 10లో కూడా టైపు చేయొచ్చు.