కూలి వేరు, సాక్ష్యము వేరు



అయిదుగురు కలిసి చేసిన పనిలో ఒకడు చేయి వేయక కూర్చుండినయెడల, పని ముగిసిన తరువాత అతని పేరును తక్కినవారి పేర్లతో సమానముగా చెప్పవలెనా, చెప్పకూడదా? చెప్పుట ప్రేమయా, అబద్ధమా? చెప్పకుండుట సత్యమా, పగయా? ఈ ప్రశ్న నేను పుస్తకములలో వెదకి తెచ్చినది కాదు. అది మా ఇంటి అరుగుమీదికి తానే నడిచి వచ్చినది.

గడచిన వేసవిలో మా సంఘములోని ఒక కుటుంబపు కుమార్తె తన తోటి విద్యార్థులు నలుగురిని వెంటబెట్టుకొని గ్రామమునకు వచ్చెను. ఆమె పట్టణములోని ఒక కళాశాలలో పత్రికలు, రేడియో, టెలివిజను పనులు నేర్చుకొనుచున్నది. టెలివిజనులో వచ్చు వ్యాపార ప్రకటన వంటిదానిని అయిదుగురు కలిసి తయారుచేసి చూపవలెనని వారి ఉపాధ్యాయుడు నియమించెనట. ప్రకటన 30 సెకనులకు మించకూడదు. దానితోపాటు ఎవరు ఏ పని చేసిరో వ్రాసి, అందరును సంతకములు చేసిన కాగితమును ఇయ్యవలెను. మన గ్రామపు కుమ్మరివారి మంచినీళ్ల కుండను గూర్చి ప్రకటన తీయవలెనని వారు తలంచిరి.

30 సెకనులే గదా, ఒక పూటలో ముగియునని నేను అనుకొంటిని. మూడు దినములు పట్టెను. మన దేశపు టెలివిజనులో ఒక సెకనుకు 25 బొమ్మలు కదలుననియు, 30 సెకనులకు 750 బొమ్మలగుననియు వారు చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యము కలిగెను. మొదట కథ వ్రాయవలెను. తరువాత ఏ దృశ్యము ఎట్లుండవలెనో కాగితముమీద గళ్లు గీసి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క బొమ్మ వేసికొనవలెను. ఒకరు కెమెరా పట్టవలెను, ఒకరు శబ్దము చూడవలెను, ఒకరు వెలుతురు చూడవలెను. పిమ్మట తీసినదంతయు ముందు పెట్టుకొని, పనికిరానిది కోసివేసి, మిగిలినదానిని అతుకవలెను. దూరదర్శన్‌లో వ్యాపార ప్రకటనలు 1976 జనవరి 1వ తేదీన మొదలాయెను. నేను చిన్ననాటినుండి వాటిని చూచుచునే యున్నాను గాని, ఒక్క సబ్బు ప్రకటన వెనుక ఇన్ని చేతులుండునని ఎన్నడును తలంచలేదు.

నాకును ఒక పని దొరికెను. కుండలోనుండి నీళ్లు ముంచుకొని త్రాగు ఒక మామ్మగారి ముఖముమీద వెలుతురు పడునట్లు, తెల్లని థర్మాకోలు పలకను ఎండకు ఎదురుగా పట్టుకొని నిలుచుండుటయే ఆ పని.

రెండవనాటి సాయంకాలము అరుగుమీద వాదము లేచెను. అయిదుగురిలో ఒక అబ్బాయి మొదటి దినమంతయు వేపచెట్టు క్రింద సెల్‌ఫోను చూచుకొనుచు కూర్చుండెను. రెండవ దినమున రానేలేదు. గుంపుకు పెద్దగా ఉండిన అమ్మాయి, "వాడి పేరు రాసేది లేదు" అనెను. తక్కిన ఇద్దరు అబ్బాయిలు, "పోనీలే, ఒక్క పేరే కదా, రాస్తే మన సొమ్మేం పోతుంది?" అనిరి. చివరకు నన్ను అడిగిరి.

నేను ఆలోచింపకయే, "క్షమించి వ్రాయండి, కలిసి వచ్చినవారు కలిసి పోవలెను" అని చెప్పితిని. అప్పుడు మా సంఘపు అమ్మాయి మెల్లగా, "అయ్యగారూ, గుడికి రానివాళ్లను వచ్చినట్టు మీరు సంఘం పుస్తకంలో రాస్తారా?" అని అడిగెను.

నాకు మాట రాలేదు. రేపు చెప్పెదనని లోపలికి వెళ్లితిని.

ఆ రాత్రి మన పొలములు నాకు జ్ఞాపకము వచ్చినవి. గుత్తకు నాట్లు వేయు స్త్రీల ముఠాను మీరందరు ఎరుగుదురు. మడి ముగిసిన తరువాత డబ్బు సమానముగా పంచుకొందురు. చంటిబిడ్డకు పాలిచ్చుటకు మూడుమారులు గట్టెక్కిన తల్లికిని అంతే, నడుము వంగక నారు కట్టలు మాత్రము అందించిన ముసలామెకును అంతే. ఎవరును సణుగరు. అయితే ఆ ముసలామెను గూర్చి, "మాతో సమానంగా నాటింది" అని ఎవరైన చెప్పుదురా? చెప్పరు. "పాపం, నారు అందించింది" అందురు. కూలి సమానముగా ఇచ్చిరి, మాట మాత్రము ఉన్నది ఉన్నట్లు చెప్పిరి.

మత్తయి సువార్తలోని ద్రాక్షతోట యజమానుడును ఇట్లే చేసెను. తెల్లవారినప్పుడు వచ్చినవానికిని, ప్రొద్దు క్రుంకుటకు ఒక గంట ముందు వచ్చినవానికిని ఒక్కొక్క దేనారమే ఇచ్చెను. అయినను చివర వచ్చినవారు దినమంతయు పనిచేసిరని ఆయన ఎక్కడను చెప్పలేదు. తన సొత్తును దయతో పంచిపెట్టెను గాని, గంటల లెక్కను మార్చలేదు.

ఇక్కడ నాకు త్రోవ కనబడెను. కూలి పంచుట కనికరమునకు సంబంధించినది. ఎవరు ఏమి చేసిరో చెప్పుట సాక్ష్యమునకు సంబంధించినది. నాది నేను ఎంతైనను పంచిపెట్టవచ్చును, అది నా ఇష్టము. సాక్ష్యము నాది కాదు, దానిని నమ్మి వినువానిది. విద్యార్థులు ఇయ్యవలసిన కాగితము కూలి కాదు, సాక్ష్యము. దానిని నమ్మి ఉపాధ్యాయుడు మార్కులు వేయును. రేపు ఆ మార్కులను నమ్మి మరియొకడు ఉద్యోగమిచ్చును. అందులో లేనిది వ్రాయుట స్నేహితునికి దానము చేయుట కాదు, మూడవవాని జేబులోనుండి తీసి ఇచ్చుట.

అయితే పేరు కొట్టివేయవలెనన్న అమ్మాయి చెప్పినదే న్యాయమా? తెల్లవారిన తరువాత నేను ఆమెను, "అమ్మా, అతనికి నీవు ఏ పని అప్పగించితివి?" అని అడిగితిని. ఆమె కాగితము తీసి చూపెను. కథ ఆమెదే, కెమెరా ఆమెదే, కోసి అతుకు పనియు ఆమెదే. ఒక అబ్బాయి పేరుకు ఎదురుగా బొమ్మలు, ఒకని పేరుకు ఎదురుగా శబ్దము, మా అమ్మాయి పేరుకు ఎదురుగా మామ్మగారిని సిద్ధపరచుట అని యుండెను. ఆ అబ్బాయి పేరుకు ఎదురుగా ఒక్కటే మాట, "సహాయము".

సహోదరులారా, సహాయము అనునది పని పేరు కాదు. ఎవనికి సహాయము? ఏ వేళ? ఏ వస్తువుతో? పెండ్లి యింటిలో "అందరూ చూసుకోండి" అని చెప్పిన పనిని ఎవరును చూడరు. విస్తళ్లు ఒకనికి, నీళ్లు ఒకనికి, దీపములు ఒకనికి అప్పగించినప్పుడే పెండ్లి సాగును.

ఈ సంగతిని పండితులు కొలిచి చూచిరి. ఫ్రాన్సు దేశపు వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్మాన్ అనునతడు మనుష్యులచేత మోకును లాగించి చూచి, ఆ ఫలితములను 1913లో ప్రకటించెను. ఒంటరిగా లాగినప్పుడు మనుష్యుడు చూపు బలములో, ఎనిమిదిమంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వంతుకు ఇంచుమించు సగమే వచ్చెను. అందరును ఒక్కసారిగా లాగలేకపోవుట వలన కొంత తగ్గియుండవచ్చునని కొందరు తలంచిరి. 1979లో అమెరికా దేశపు పరిశోధకులు లటానే, విలియమ్స్, హార్కిన్స్ అను ముగ్గురు మరియొక రీతిగా చూచిరి. కండ్లకు గంతలు కట్టి, చెవులకు హెడ్‌ఫోనులు పెట్టి, ఒక్కరినే కేకవేయమనిరి. ఇతరులును తనతో కేకవేయుచున్నారని నమ్మినంతమాత్రమున వాని కేక తగ్గిపోయెను. ఒక్కొక్కరి ధ్వనిని వేరుగా కొలుచుదుమని తెలిపినప్పుడు ఆ తగ్గుదల పోయెనని అదే పరిశోధకులు 1981లో చూపిరి. అనగా సోమరితనము మనుష్యునిలో మాత్రమే లేదు, పనిని ఏర్పరచిన విధములో సగము దాగియున్నది.

నెహెమ్యాకు ఈ కొలతలు అక్కరలేకయే తెలిసియుండెను. యెరూషలేము ప్రాకారము 52 దినములలో లేచెను. ఆ గ్రంథము మూడవ అధ్యాయమును మనము పేర్ల పట్టిక యని దాటిపోవుదుము గాని, నిదానించి చదువుడి. ఎవడు ఏ గుమ్మము కట్టెనో, ఎవడు ఎక్కడనుండి ఎక్కడివరకు బాగుచేసెనో అందున్నది. కంసాలులున్నారు, పరిమళద్రవ్యములు చేయువారున్నారు, షల్లూము కుమార్తెలున్నారు. అనేకులు తమ తమ యిండ్లకు ఎదురుగా ఉన్న భాగమును కట్టిరి. తన ఇంటి ముందరి గోడ బలహీనముగా ఉండవలెనని ఎవడు కోరును? అదే అధ్యాయములో తెకోవ ఊరి పెద్దలు ఆ పనికి మెడ వంచలేదనియు వ్రాయబడియున్నది. దాచలేదు, తిట్టలేదు, ఒక్క వాక్యముతో చెప్పి ముందుకు సాగెను. ఆ ఊరి సామాన్యులు తమ భాగమును ముగించి రెండవ భాగము కూడ కట్టిరని మరచిపోక వ్రాసెను. ఇది పగ లేని సత్యము.

నేను విద్యార్థులకు ఈ మాటలు చెప్పితిని. అమ్మాయి చాలసేపు మౌనముగా నుండి, "అన్నీ నేనే చేస్తే బాగా వస్తుందనుకున్నానండీ" అనెను. బరువు దింపుకొని పారిపోవువాడొకడు, ఎవరికిని పంచక తానే మోయువాడొకడు. ఇద్దరును ఒకే త్రాటి రెండు కొనలు. మొదటివానిని మనము త్వరగా పట్టుకొందుము. రెండవవానిని మెచ్చుకొందుము.

ఆ దినమే వారు ఆ అబ్బాయిని పిలిపించిరి. కుండలోనికి నీళ్లు పడు శబ్దము ట్రాక్టరు మ్రోతతో చెడిపోయియుండెను గనుక, ఆ పనిని అతనికి అప్పగించిరి. మరునాడు కోడి కూయకముందే అతడు మా బావియొద్ద కుండను, మైకును పెట్టుకొని కూర్చుండెను. పిమ్మట కాగితముమీద అతని పేరుకు ఎదురుగా ఉన్నది ఉన్నట్లు వ్రాసిరి: మొదటి రెండు దినములు పనిలో లేడు, నీళ్ల శబ్దము ఇతనిది. దాని క్రింద అమ్మాయి, ఇతనికి మొదట నిర్దిష్టమైన పని నేను ఇయ్యలేదని తన చేతితో వ్రాసెను. అతడు చదివి సంతకము చేసెను. అతనికి మార్కులు తక్కువే వచ్చినవట. అయినను ఆ నీళ్ల శబ్దము తనదేనని అతడు ఇప్పుడు తలయెత్తి చెప్పుకొనగలడు. దానముగా వచ్చిన పేరుతో అది సాధ్యము కాదు.

ఇంతటితో ముగించిన బాగుండును గాని, నా సంగతి యొకటి మిగిలియున్నది.

వారు తమ ఫోనులో నాకు 2003లో ఇంగ్లండులో ప్రసారమైన హోండా కారు ప్రకటన యొకటి చూపియుండిరి. రెండు నిమిషములపాటు కారు భాగములు ఒకదానినొకటి తాకి కదలించును. ఒక్క చక్రము దొర్లకపోయినను అంతయు అక్కడనే నిలిచిపోవును. యంత్రములలో తప్పు వెంటనే బయటపడును. మనుష్యులలో అట్లు కాదు. ఒకడు తప్పినచో తక్కినవారు సర్దుకొందురు, తప్పు కనబడదు.

ఎండలో చేతులు నొచ్చినప్పుడు నేను థర్మాకోలు పలకను కొంచెము దించితిని. ఎవరు చూచెదరని తలంచితిని. ముగిసిన ప్రకటనలో మామ్మగారు నీళ్లు త్రాగుచోట ఆమె చెంపమీద రెండు సెకనులు నీడ పడియున్నది. చివర పేర్లలో "వెలుతురు: అయ్యగారు" అని వేసియున్నది. నేను సిగ్గుపడి వారితో ఒప్పుకొంటిని. వారు నవ్వి, "మాకు అప్పుడే తెలుసండీ. మిమ్మల్ని మళ్లీ పట్టుకోమని ఎట్లా చెప్తాం?" అనిరి.

ఆ మాట నాకు గట్టిగా తగిలెను. చెట్టుక్రింద కూర్చున్న పిల్లవాని తప్పును గూర్చి రెండు దినములు వాదించిరి. నా తప్పును గూర్చి గౌరవముచేత నోరెత్తలేదు. చిన్నవాని విషయములో సత్యము, పెద్దవాని విషయములో మర్యాద. సంఘములో మనము పెద్దలను ఇట్లు ఎన్ని మారులు విడిచిపెట్టితిమో, ఆ పెద్దలము మేము ఎన్ని మారులు తెలియనట్లు ఉంటిమో ఆలోచింపుడి.

కాబట్టి, ప్రియులారా, మీరు గుడి కట్టుచున్నను, పండుగ విందు చేయుచున్నను, పిల్లలచేత నాటకము వేయించుచున్నను, ప్రతివానికి పేరుగల పని యొకటి ఇయ్యుడి. బలహీనునితో మీ పాలు పంచుకొనుడి, లెక్కచూడకుడి. అయితే ఎవరు ఏమి చేసిరని అడుగబడినప్పుడు ఉన్నది చెప్పుడి. మీ తప్పునుండియే మొదలుపెట్టుడి. పలక దించినవాడు అయ్యగారైనను, "అయ్యగారూ, కొంచెం పైకి ఎత్తండి" అని అనుడి. నేను ఎత్తెదను.