మన కడుపు మనదేనా?

తెనాలిలోనైనను, బాపట్ల, రేపల్లెలలోనైనను పడిశము పట్టగానే మందుల షాపునకు పోయి యాంటీబయాటిక్ బిళ్లలు మ్రింగుట మనకు వాడుకయైనది. పడిశము వైరస్ వలన వచ్చును. ఆ బిళ్ల దానిని చంపదు. మన ప్రేగులలో కాపురమున్న బాక్టీరియాను చంపును. అవి చేసిన నేరమేమి? సొదొమ కొరకు అబ్రాహాము అడిగిన ప్రశ్నయే ఇది.

మనము అరిగించుకొనలేని పీచును అవి తిని, పెద్దప్రేగు గోడకు ఆహారమగు ఆమ్లములను, కొంత ఫోలిక్ ఆమ్లమును చేయుచున్నవి. శాస్త్రజ్ఞులు వాటి జన్యువులను ఒక్కొక్కటిగా చెడగొట్టి, ఏది పోయిన ఏ ఆహారమును తినలేకపోవునో చూచుచున్నారు. ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసినదియు, ఆరియోమైసిన్‌ను 1948లో వెలువరించినదియు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడిపిన ప్రయోగశాలయే!

డాక్టరుగారు అవసరమని వ్రాసిన మందు వాడవలసినదే. తక్కినచోట్ల మన కడుపు మన ఇష్టమందుమా? మందుకు లొంగని సూక్ష్మజీవి మనలో పెరిగి పొరుగింటి పసిబిడ్డకు అంటినయెడల ఏమందుము?