అరమీది బొమ్మ

ధ్యాన భాగములు: ఆదికాండము 16వ అధ్యాయము, కీర్తన 139, మత్తయి 6:1-4



మన సంఘమందలి ఒక తల్లి గత సంవత్సరము డిసెంబరు నెలంతయు అమెరికాలోని డల్లాసు పట్టణమునందు తన కుమార్తె యింట గడిపి, సంక్రాంతి వెళ్లిన తరువాత తిరిగి వచ్చెను. వచ్చిన ఆదివారమే, ఆరాధన ముగిసి అందరు వెళ్లువరకు గుడి వరండాలో ఆగి, "అయ్యగారూ, ఒక బొమ్మ విషయంలో పాపం చేశానేమోనని దిగులుగా ఉందండీ" అనెను. మొదట నాకు నవ్వు వచ్చెను. సంగతి అంతయు విన్న తరువాత నవ్వలేకపోతిని. ఆమె అనుమతితోనే దానిని ఇక్కడ వ్రాయుచున్నాను.

ఆ దేశములో క్రిస్మసు తాతకు కొలువు చేయు మరుగుజ్జులున్నారని పిల్లలకు కథ చెప్పుదురు. వారిని ఎల్ఫులందురు. 2005వ సంవత్సరములో జార్జియా రాష్ట్రమునకు చెందిన కరోల్ ఏబర్‌సోల్డ్ అను తల్లియు, చాందా బెల్ అను ఆమె కుమార్తెయు కలిసి ఒక చిన్న పుస్తకము వ్రాసి, తామే అచ్చు వేయించి, దానితోకూడ ఎర్ర చొక్కా, కోసుటోపీ గల సన్నని బొమ్మ నొకదానిని అమ్మసాగిరి. ఏడేండ్లకు, 2012లో, న్యూయార్కు నగరపు కృతజ్ఞతార్పణ దినపు ఊరేగింపులో ఆ బొమ్మ రూపముగల పెద్ద గాలిబుడగ ఆకాశమున ఎగిరెను. కథ యేమనగా, ఈ బొమ్మ పగలంతయు అరమీద కూర్చుండి పిల్లల నడతను చూచును. రాత్రి ఉత్తర ధ్రువమునకు ఎగిరిపోయి క్రిస్మసు తాతకు సమాచారము చెప్పి, తెల్లవారకముందే తిరిగి వచ్చి మరియొకచోట కూర్చుండును. పిల్లలు దానికి పేరు పెట్టవచ్చును గాని ముట్టరాదు, ముట్టినయెడల దాని శక్తి పోవునట. 24వ తేది రాత్రి అది వెళ్లిపోవును.

నిజమునకు రాత్రులలో దానిని కదల్చువారు తలిదండ్రులు. పని ముగించుకొని అలసి వచ్చిన తండ్రి, పిల్లలు పండుకొన్న తరువాత, వంటయింటి బల్లమీద పిండి చల్లి బొమ్మను అందులో పరుండబెట్టి, మంచులో ఆడినట్లు గుర్తులు చేయును. తల్లి అరటిపండ్లకు కలముతో కన్నులు, ముక్కు వ్రాసి బొమ్మను వాటిప్రక్కన కూర్చుండబెట్టును. ఒకనాడు అది ఫ్రిజ్జులో రుమాలు కప్పుకొని వణకుచుండును. మరునాడు చక్కెర డబ్బాలో నడుమువరకు మునిగియుండును. కదల్చుట మరచిన రాత్రులకు కూడ ఉపాయము కలదు. దాని కాలికి గుడ్డపీలిక చుట్టి, "కాలు విరిగినది, మూడు దినములు విశ్రాంతి" అని చీటి పెట్టుదురు! ఇది విన్నప్పుడు ఆ తలిదండ్రులపై నాకు కోపము రాలేదు, జాలియు ప్రేమయు కలిగెను. బిడ్డ ఉదయమున నవ్వుటకై అర్ధరాత్రి పిండిలో చేతులు పెట్టువానిని ఎవరు తప్పుపట్టగలరు?

మన సంఘపు తల్లి కుమార్తె అక్కడ ఆసుపత్రిలో నర్సు. ఒక రాత్రి డ్యూటీలో నుండి ఫోను చేసి, "అమ్మా, బొమ్మను కదపడం మర్చిపోయాను, నువ్వు కదుపు" అనెను. ఈమె మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగి, బొమ్మను బియ్యపు డబ్బాలో కూర్చుండబెట్టి, మూత సగము వేసి పండుకొనెను. తెల్లవారినప్పుడు ఏడేండ్ల మనుమరాలు వెదకి వెదకి దానిని కనుగొని గంతులు వేసెను. పిమ్మట కొంతసేపటికి వచ్చి ఒడిలో కూర్చుండి, "అమ్మమ్మా, నువ్వు అబద్ధం చెప్పవు కదా. అది నిజంగా తనంతట తనే వస్తుందా?" అని అడిగెను. ముప్పది సంవత్సరములు ఆదివారపు బడిలో పాఠములు చెప్పిన ఈ తల్లి, కుమార్తె కట్టిన ఆటను కూల్చుటకు మనసొప్పక, "వస్తుందమ్మా" అనెను. ఆమెను బాధించినది ఈ ఒక్కమాట.

ఇది అబద్ధమేనా? అబద్ధమునుగూర్చి గ్రంథము వ్రాసిన అగస్టీను భక్తుడు దానిని ఎనిమిది విధములుగా విభజించి, ఎవరికిని హాని చేయక మేలు చేయుదానిని సహితము ఒప్పుకొనలేదు. ఆయన కఠినుడని సెమినరీలో మేము గొణుగుకొనెడివారము. అయినను జరుగని ప్రతి మాటయు అబద్ధము కాదు. యోతాము చెట్లచేత మాటలాడించెను, నాతాను దావీదునొద్ద ఎన్నడును లేని గొఱ్ఱెపిల్లను తెచ్చెను. మన తెలుగు బిడ్డలు ఇసుకతో అన్నము వండి వడ్డించినప్పుడు మనము తిన్నట్లు చప్పరించి బాగున్నదందుము. దానికి వారు పెట్టిన పేరు ఉత్తుత్తి అన్నము. ఈ ఉత్తుత్తి అను మాటను నేను చాల ప్రేమింతును. వడ్డించినవానికిని తిన్నవానికిని అది ఇసుకయని తెలియును, తెలిసియే ఇద్దరును సంతోషింతురు. బిడ్డ ఆట ఆపి, మన గడ్డము పట్టుకొని, "నిజమా, ఉత్తుత్తిదా?" అని అడిగిన క్షణమున మాత్రము మనము ఆటలో లేము. అప్పుడు బిడ్డ అడుగుచున్నది బొమ్మనుగూర్చి కాదు, మనలనుగూర్చియే.

1897లో అమెరికాలో ఎనిమిదేండ్ల బాలిక యొకతె ఇట్టి ప్రశ్ననే న్యూయార్కు సన్ అను పత్రికకు వ్రాసెను. ఆ పత్రికలో వచ్చినది నిజమేయని తండ్రి చెప్పినందున, క్రిస్మసు తాత ఉన్నాడా అని దానినే అడిగెను. ఉన్నాడని సంపాదకీయము జవాబిచ్చెను. లోకమంతయు నేటికిని దానిని మెచ్చుకొనును. అందులోని భావము అందమైనదే, ఒప్పుకొందును. కాని తండ్రి మాటమీద నమ్మకముంచి వచ్చిన బిడ్డకు సౌందర్యమిచ్చి సత్యమును దాచుట న్యాయమా అని నా మనసు అడుగుచునే యున్నది. క్రిస్మసు తాత కథకు మూలపురుషుడు నాల్గవ శతాబ్దమున ఇప్పటి టర్కీ దేశములోని మూర పట్టణమునకు అధ్యక్షుడుగా నుండిన నికొలాసు. అట్టివాడు నిజముగా నుండెనని చెప్పినను ఆ బిడ్డకు కొరత యుండెడిది కాదు.

ఇక రెండవ సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టినది. బొమ్మ చూచును, వ్రాసుకొనును, పైవానికి చెప్పును. ఎవరో తమను కనిపెట్టి పైకి నివేదించుట మామూలు సంగతియని బిడ్డలు దీనివలన నేర్చుకొందురేమోయని 2014లో కెనడా దేశపు ఆచార్యురాలు లారా పింటో తన సహరచయిత్రితో కలిసి వ్రాసినది. ఒక బొమ్మకు ఇంత తర్కమా అని కొందరు నవ్విరి. నేను నవ్వలేను. ఏలయనగా నా యింట ఎల్ఫు బొమ్మ లేకుండనే ఈ పని నేను చేసియున్నాను.

నా పెద్ద కుమార్తెకు ఐదేండ్లప్పుడు, క్రిస్మసుకని చేసిన జంతికలు డబ్బాలో తరిగిపోవుచుండెను. "దేవుడు చూస్తున్నాడు, అన్నీ రాసుకుంటున్నాడు" అని గట్టిగా చెప్పితిని. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అది చేతులు జోడించి, "ప్రభువా, రేపొక్కరోజు మా ఇంటివైపు చూడకు, ఆమేన్" అనెను. నా భార్య పమిట నోటికి అడ్డము పెట్టుకొని నవ్వెను. నాకు గుండెలో ముల్లు గుచ్చుకొనెను. 139వ కీర్తనను ప్రసంగపీఠముమీద ఎన్నిమారులు చదివితినో. ఎక్కడికి పోయినను ఆయన సన్నిధి విడువదని దావీదు ఆశ్చర్యపడినచోట నా బిడ్డ పారిపోవుటకు దారి వెదకుచుండెను. ఆ దారిని వెదకించినవాడను నేనే.

దేవుడు చెడుగును చూడడని నేను చెప్పుట లేదు, సామెతలు 15:3 నా యెదుటనే యున్నది. కాని పరిశుద్ధ గ్రంథములో ఆయనకు చూచువాడని పేరుపెట్టినది ఎవరు? ఇల్లు విడిచి, గర్భవతియై, అరణ్యములో నీటి ఊటయొద్ద కూలబడిన దాసి హాగరు. ఆమెను ఎవరును చూడనప్పుడు ఆయన చూచెను. అమెరికా బిడ్డలు బొమ్మకు పేరు పెట్టుట విన్నప్పుడు నాకు ఈమెయే జ్ఞాపకమునకు వచ్చెను. ప్రభువు కూడ కొండమీద, రహస్యమందు చూచు తండ్రినిగూర్చి చెప్పినప్పుడు, ఎడమచేతికి తెలియకుండ చేసిన ధర్మము ఆయనకు కనబడునని చెప్పెను. ఇంకొకటి: తల్లి నిద్రపోయినయెడల ఆ బొమ్మ కదలలేదు. మనలను కాపాడువానికి నిద్రయే లేదని 121వ కీర్తన చెప్పుచున్నది.

కనుక ఆ తల్లికి నేను చెప్పినది కొంచెమే. బొమ్మను పారవేయుమని చెప్పలేదు. డెన్మార్కు, నార్వే దేశములలో పల్లెటూరివారు నిస్సె అను ఇంటి మరుగుజ్జుకు క్రిస్మసు రాత్రి వెన్న వేసిన జావ పెట్టెడివారు, ఇట్టి ముచ్చటలు పాతవే. పిండిలో ఆడించుడి, అరటిపండ్లకు కన్నులు పెట్టుడి. వేగు చెప్పు కథను మాత్రము తీసివేయుడి. బిడ్డకు చిన్నదైన చొక్కాను లేనివారికి ఇచ్చునట్లు బొమ్మచేత చీటి పంపినను మంచిదే. "మరి నేనన్న మాట?" అని ఆమె అడిగెను. "అమ్మా, మీరే పిలిచి చెప్పండి" అంటిని. ఆమెకు భయము. బిడ్డ ఇక తన మాట నమ్మదేమోయని.

ఆ శనివారము రాత్రి ఆమె ఫోనులో మనుమరాలితో, బొమ్మను బియ్యములో పెట్టినది తానేయనియు, తాను చెప్పినది నిజము కాదనియు చెప్పెను. అవతల కొంతసేపు మాట లేదు. తరువాత, "నాకు తెలుసు అమ్మమ్మా, నీ చేతి నూనె వాసన వచ్చింది. నువ్వేం చెప్తావో చూద్దామని అడిగా" అనెనట.

ఈ డిసెంబరులో బొమ్మను కదల్చు పని ఆ బిడ్డకే ఇచ్చిరి. నాలుగేండ్ల తమ్ముడు ఉదయముననే లేచి ఇల్లంతయు వెదకునట. వాడింకను ఏమియు అడుగలేదు.